కుట్టు బాగుంటే నకిలీ

లక్ష్మయ్య మనుషులను కింది నుంచి పైకి చూస్తాడు. ఎవరు ఎదురుపడినా ముందు చూపు కాళ్ళ మీదికే పోతుంది. చెప్పుల సంగతి తేల్చుకున్నాక గాని ముఖం దాకా రాదు. ఒక్కోసారి అంతదాకా వచ్చేలోపే ఆ మనిషి దాటిపోతాడు. "పొద్దున మా అన్న కలిసిండంట గదా, మంచిగున్నడా?" అని భార్య కొమురమ్మ అడిగితే, "ఎడమ చెప్పు మడమ లోపలికి అరిగింది" అంటాడు. ఆమెకు అంతకు మించి సమాచారం దొరకదు.

కూతురు అరుణజ్యోతి పెళ్ళిచూపుల రోజున, మోతీనగర్‌లోని వాళ్ళింట్లో అందరూ టీ తాగుతుంటే లక్ష్మయ్య కనిపించలేదు. వెతికితే గుమ్మం బయట గొంతుక్కూర్చుని, అబ్బాయి విడిచిన బూట్లను తిరగేసి చూస్తున్నాడు. అబ్బాయి మేనమామ కూడా చూశాడు. కొమురమ్మకు తల కొట్టేసినంత పనయింది. లక్ష్మయ్య మాత్రం తొణక్కుండా బూట్లు రెండూ జతగా పెట్టి, "రెండూ ఒక్క తీరుగ అరిగినయి. పిల్లగాడు నిలకడ మనిషి. ఖాయం చేసుకుందాం" అన్నాడు. పెళ్ళయింది. అల్లుడు నిజంగానే నిలకడ మనిషి. ఆదివారం సోఫాలో కూర్చుంటే సోమవారం దాకా లేవడని అరుణజ్యోతి ఫిర్యాదు.

ముప్పై నాలుగేళ్ళుగా లక్ష్మయ్య పని సినిమాలకు జోళ్ళు కుట్టడం. ఫిలింనగర్‌లో ఒక మూడంతస్తుల మేడ మెట్ల కింది గది ఆయన దుకాణం. నిలబడితే తల తగులుతుంది కాబట్టి అందులో ఆయన ఎన్నడూ నిలబడలేదు. ఆ మెట్ల కింద కూర్చునే రాజులకు ముఖమల్ జోళ్ళు కుట్టాడు, పోలీసులకు బూట్లు కుట్టాడు, మునుల పావుకోళ్ళు రాతి మెట్ల మీద జారకుండా అడుగున రబ్బరు అతికించాడు. ఒక పొట్టి హీరోకు పైకి కనిపించకుండా రెండున్నర అంగుళాల ఎత్తు దాచిపెట్టిన బూట్లు చేశాడు. ఆ హీరో ఎవరో కొమురమ్మకు కూడా చెప్పలేదు. ఒక దర్శకుడు, విలన్ నడుస్తుంటే గుండె ఝల్లుమనేలా కిర్రుమని చప్పుడు రావాలన్నాడు. లక్ష్మయ్య వారం రోజులు తిప్పలుపడి అలాంటి జోడు తయారుచేశాడు. సెట్‌లో విలన్ రెండడుగులు వేసేసరికి గుండెలు ఝల్లుమనడం మాట దేవుడెరుగు, కుక్క ఒకటి ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి ఆ బూటుతో స్నేహం చేసింది. చివరికి చప్పుడు లేని బూట్లే వాడారు.

ఇప్పుడు కాలం మారింది. హీరోలు రాజులుగా తక్కువ, రంగురంగుల స్నీకర్లు వేసుకున్న కుర్రాళ్ళుగా ఎక్కువ కనిపిస్తున్నారు. ఆ స్నీకర్లు డబ్బాల్లో ఎక్కడి నుంచో వస్తాయి. లక్ష్మయ్యకు కుట్టే పని తగ్గి, ఊడినవి అతికించే పని మిగిలింది.

అలాంటి ఒక ముసురు రోజున కాస్ట్యూమ్ డిజైనర్ భువన గొడుగు కూడా సరిగ్గా మూయకుండా మెట్ల కిందికి దూరింది. ఆమె చేతిలో సంచి, సంచిలో డబ్బా, డబ్బాలో గుడ్డసంచి, గుడ్డసంచిలో ఒక జత తెల్ల స్నీకర్లు ఉన్నాయి.

"మాస్టర్, వాన పాట తీస్తుంటే హీరోగారి షూ అడుగు ఊడిపోయింది. సాయంత్రానికి కావాలి. దయచేసి జాగ్రత్త, లక్షా అరవై వేలు."

"ఎన్ని జతలు?"

"ఇదొక్కటే."

లక్ష్మయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "ఏ కాలుది ఊడింది?"

"కుడిది."

"అయితే ఎనబై వేలదే ఖరాబయింది. ఫికర్ చేయకు బిడ్డా."

లక్షా అరవై వేల బూటు లోపల ఏముంటుందో చూడాలని ఆయనకు కొత్త పెళ్ళికొడుకంత ఆత్రంగా ఉంది. ఊడిన అడుగును మెల్లగా విప్పాడు. మెత్తటి స్పాంజి కనిపించింది. దాని పైన మిఠాయి డబ్బా పాటి అట్ట. చుట్టూ ఎక్కడ పడితే అక్కడ కారిపోయిన జిగురు. కళ్ళజోడు సరిచేసుకుని ఇంకా లోపలికి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. బూటును తలకిందులు చేసి దులిపాడు. ఏమీ రాలలేదు.

"భువనమ్మా, దీన్ల ఉన్నదేమన్న ముందుగాలనే ఎవరన్న తీసుకున్నరా?"

"లోపల అంతే ఉంటుంది మాస్టర్."

లక్ష్మయ్య పాత జిగురంతా గీకి, కొత్తది పూసి, అంతటితో ఊరుకోకుండా మైనం పట్టించిన దారంతో అడుగు చుట్టూ లోపలి నుంచి కుట్టు వేశాడు. కుడిదానికి వేశాక ఎడమదాన్ని వదిలేయడానికి మనసొప్పక దానికీ వేశాడు. సాయంత్రం ఆ బూట్లు తొడుక్కుని హీరో గంతులేసి, "ఇప్పుడు కాలికి పట్టినట్టుంది, ఏం చేశారు?" అని అడిగాడట. ఆ మాట భువన నలుగురికి చెప్పింది. ఆ నలుగురిలో విహారి ఒకడు.

విహారిది రాజమండ్రి. ఇంజనీరింగు చదువు మూడో ఏడాదిలో వదిలేసి, జూబ్లీహిల్స్‌లో స్నీకర్ల షాపు పెట్టాడు. మామూలు షాపు కాదు. ఎక్కడా దొరకని జతలను కొని, ఇంకా ఎక్కువ ధరకు అమ్ముతాడు. అతని దిగులల్లా నకిలీలే. అచ్చం అసలులా ఉండే జతలను తెచ్చి అంటగట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని స్వయంగా మెట్ల కిందికి వచ్చి, వంగి నిలబడి, "మాస్టర్‌గారూ, రోజూ మధ్యాహ్నం మూడు గంటలు మా షాపులో కూర్చోండి. వచ్చిన ప్రతి జతా చూసి అసలో నకిలీయో చెప్పండి చాలు" అని, జీతం ఎంతిస్తాడో చెప్పాడు. లక్ష్మయ్య సరిగ్గా వినిపించలేదని రెండోసారి చెప్పించుకున్నాడు. మొదటిసారే వినిపించింది. మళ్ళీ వినాలనిపించింది, అంతే.

షాపులో అడుగుపెట్టగానే ఆయనకు చలేసింది. గోడల నిండా అద్దాల అరలు, ఒక్కో అరలో ఒక్కో బూటు, ఒక్కో బూటు మీద ఒక్కో దీపం. జతలో రెండోది ఎక్కడుందని అడిగితే లోపల డబ్బాలో ఉందన్నారు. తన చెప్పులు బయట విడిచి లోపలికి పోయిన లక్ష్మయ్యను చూసి విహారి కంగారుపడి, "మాస్టర్, ఇక్కడ చెప్పులతో రావచ్చు" అన్నాడు. తర్వాత తెల్లటి చేతితొడుగులు ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్ళలో లక్ష్మయ్య ఒక బూటును తొడుగులతో పట్టుకోవడం అదే మొదలు.

పరీక్షగా విహారి ఒకేలా ఉన్న రెండు బూట్లు ముందు పెట్టాడు. "ఒకటి అసలు, ఒకటి నకిలీ. చూడండి."

లక్ష్మయ్యకు అర నిమిషం పట్టలేదు. ఒకదానికి కుట్లన్నీ బియ్యపుగింజలు పేర్చినట్టు సమంగా ఉన్నాయి. జిగురు మరక లేదు. మడమ నొక్కితే గట్టిగా ఉంది. రెండోదానికి కుట్టు వంకర, దారం ఒకచోట పైకి లేచింది, అంచున జిగురు కారి ఎండింది. మొదటిదాన్ని విహారి చేతిలో పెట్టి, "ఇది అసల్. గదాన్ని చెత్తల వెయ్" అన్నాడు.

విహారి నవ్వాడు. "తప్పు మాస్టర్. మీరు నా చేతిలో పెట్టింది నకిలీ. మీరు చెత్తలో వెయ్యమన్నది తొంభై వేలు."

"గట్లెట్ల?"

"అసలు కంపెనీవాడికి భయం లేదండీ. రోజూ వేల జతలు చేస్తాడు. ఎలా ఉన్నా జనం క్యూ కట్టి కొంటారు. భయమంతా నకిలీవాడికే. దొరికిపోతానేమోనని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుడతాడు. జిగురు కారిందా, కుట్టు కాస్త తప్పిందా, అది అసలని సగం నమ్మొచ్చు."

ఆ రోజు ఇంటికి వెళ్ళాక లక్ష్మయ్యకు అన్నం సయించలేదు. సంగతంతా కొమురమ్మకు చెప్పాడు. ఆమె పప్పు వడ్డిస్తూ విని, కాసేపు ఆలోచించి, "అయితే గిన్నేండ్లు నువ్వు కుట్టినయన్ని నక్లీలేనా?" అంది. ఆయన ఆ పూట మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాడు.

కాని పనిలో పడ్డాక రెండు నెలల్లో ఆరితేరాడు. ఏ కంపెనీ జిగురు ఏ వాసన వేస్తుందో, ఎవరి కుట్టు ఎక్కడ తప్పుతుందో పట్టేశాడు. ఒక పెద్దమనిషి మూడు లక్షలదని తెచ్చిన జతను ముక్కు దగ్గర పెట్టుకుని, "చాన మంచి పనితనం. పట్నంల ఇట్ల కుట్టేటోళ్ళు లేరు. నక్లీ" అని తిరిగి ఇచ్చేశాడు. విహారికి లక్ష్మయ్య అంటే గురి కుదిరింది.

చిక్కంతా ఆయన నోటితోనే. కొనడానికి వచ్చినవాళ్ళు "ఇది ఒరిజినలేనా అంకుల్?" అని అడిగితే ఔనని ఊరుకోడు. "పక్కా ఒరిజినల్. గీ కుట్టు జూడు, ఎంత అన్యాలంగ ఉన్నదో. గీడ అతుకు జూడు, రేపో మాపో ఊడుతది. నక్లీ అయితే గిట్ల ఉండనే ఉండదు" అని ధైర్యం చెబుతాడు. ఒక వారంలో నలుగురు డబ్బాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఐదో మనిషి, ఆ నకిలీవి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

విహారి చేతులు జోడించాడు. "మాస్టర్, ఇవాళ్టి నుంచి మీరు రెండే మాటలు అనాలి. ఒరిజినల్, లేదా కాదు. మూడో మాట వద్దు."

లక్ష్మయ్య ఒప్పుకున్నాడు. పదకొండు రోజులు మాట నిలబెట్టుకున్నాడు కూడా.

పన్నెండో రోజున మేధ అనే అమ్మాయి వచ్చింది. ఏదో ఆఫీసులో ఉద్యోగంలో చేరి నెలయింది. మొదటి జీతంతో స్నీకర్లు కొనుక్కోవాలని వచ్చింది. వెంట వాళ్ళ అమ్మమ్మ అనసూయమ్మ ఉంది. మధురానగర్‌లో ఉంటుంది. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. మేధ నలభై రెండు వేల జతను చూపించింది. అనసూయమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ధర మళ్ళీ చూసి, తెల్ల తొడుగులతో కూర్చున్న లక్ష్మయ్య దగ్గరకు వచ్చింది.

"బాబూ, ఇవి ఎన్నేళ్ళు వస్తాయి?"

ఆ షాపులో ఇన్నేళ్ళలో ఏ రంగు అరుదో అడిగారు, ఏ ఆటగాడు తొడిగాడో అడిగారు, ఏడాది తర్వాత ఎంతకు పోతుందో అడిగారు. ఎన్నేళ్ళు వస్తుందని ఎవరూ అడగలేదు. గల్లా దగ్గర నుంచి విహారి రెండు వేళ్ళు చూపించాడు. రెండే మాటలు.

"ఒరిజినల్" అన్నాడు లక్ష్మయ్య.

"నేనడిగింది అది కాదు నాయనా. ఎన్నేళ్ళు వస్తాయని."

లక్ష్మయ్య విహారివైపు చూశాడు. "ఒరిజినల్ అమ్మా."

అనసూయమ్మ విహారివైపు తిరిగి, గొంతు తగ్గించి, "పాపం, వినపడదా?" అంది. మళ్ళీ లక్ష్మయ్య చెవి దగ్గరకు వంగి క్లాసురూములో చివరి బెంచీకి చెప్పినట్టు, "ఎన్నే... ళ్ళూ?" అని అరిచింది.

అంతే. పదకొండు రోజులుగా బిగబట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "రోజూ తొడిగితే ఏడాదిన్నర అమ్మా! వానల తిరిగితే ఏడాది! తొడగకుండ అద్దాల పెట్టెల దాస్తే గూడ, అయిదారేండ్లకు స్పాంజి పొడైతది, జిగురు ఎండి అడుగు దానంతట అదే ఊడుతది!"

"మరి అసలు ఇవి ఎంత ఖరీదు చేస్తాయి?"

"తోలు, రబ్బరు, కూలి అన్ని కలిపితే నాలుగు వేలు." అన్యాయంగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. "డబ్బా మంచిగున్నది. అయిదు వేలు ఏసుకోండ్రి."

విహారి కళ్ళు మూసుకున్నాడు. అనసూయమ్మ మనవరాలివైపు చూసింది. మేధ మాత్రం నవ్వుతోంది.

"అంకుల్, ఆ సంగతి నాకు తెలుసు. పదో తరగతిలో ఈ షూ ఫోటో కత్తిరించి బీరువా తలుపు లోపల అతికించుకున్నాను. తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఐదు వేలు షూకి. మిగిలిన ముప్పై ఏడు వేలు ఆ తొమ్మిదేళ్ళకి. తప్పా?"

తోలుకింత, దారానికింత, కూలికింత అని ఎప్పుడూ లెక్క కట్టేవాడే గాని, తొమ్మిదేళ్ళ ఆశకు ఎంత వేయాలో లక్ష్మయ్యకు ఎవరూ నేర్పలేదు.

"మీ తాతయ్యా ఇంతే" అంది అనసూయమ్మ. "మొదటి జీతమంతా పోసి కెమెరా కొన్నారు. రీలు కొనడానికి డబ్బుల్లేవు. ఆర్నెల్లు ఖాళీ కెమెరాతోనే అందర్నీ నవ్వమని ఫోటోలు తీశారు. సరే, కట్టెయ్."

మేధ కార్డు తీసింది. విహారికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు లక్ష్మయ్య లేచి, "జర ఆగు బిడ్డా. తొమ్మిదేండ్లు ఆశపడ్డది ఏడాదిన్నరకే ఖరాబైతే ఎట్ల?" అంటూ తొడుగులు విప్పి, తన సంచిలోంచి తోలు కుట్టే ఆరె, మైనపు దారం తీశాడు.

"మాస్టర్, వద్దు!" విహారి గల్లా దాటి పరుగెత్తుకొచ్చాడు. "కుట్టేస్తే అది ఒరిజినల్ కాదు!"

"గట్టిగ చేస్తే నక్లీ అయితదా?"

"అవుతుంది! రేపు అమ్మబోతే ఎవరూ కొనరు!"

"నేను అమ్మడానికి కొనట్లేదండీ. వేసుకోవడానికి" అంది మేధ.

పక్కనున్న మెత్తటి స్టూలు మీద విహారి కూలబడ్డాడు. లక్ష్మయ్య నేల మీద కాళ్ళు చాపుకుని, దీపాల వెలుగులో నలభై నిమిషాలు కుట్టాడు. అనసూయమ్మ పక్కనే కుర్చీ వేయించుకుని కుట్లు లెక్కపెట్టింది. ఒక్కో బూటుకు నూట పన్నెండు. ఎడమదానికి నూట పదకొండే వచ్చాయని ఆమె అంటే, లక్ష్మయ్య మారుమాట్లాడకుండా ఇంకొకటి వేశాడు. అక్కడే ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు అంతా చూసి, తమ కాళ్ళ మీదున్న బూట్లు విప్పి వరసలో పెట్టారు. షాపు మూసేవేళకు అయిదు జతలు ఒరిజినల్ కాకుండా పోయాయి.

మర్నాడు విహారి కాఫీ తెప్పించి ఎదురుగా కూర్చున్నాడు. కోపం లేదు గాని అలసిపోయి ఉన్నాడు. "మాస్టర్, మీరింకో నెల ఉంటే నా షాపులో అమ్మడానికి ఒక్క జతా మిగలదు. మీకూ ఇక్కడ ఊపిరాడ్డం లేదు. ఏమంటారు?"

"నేనే చెప్దామనుకుంటున్న. గా ఏసీకి మెడ పట్టేసింది" అన్నాడు లక్ష్మయ్య. ఇద్దరూ కాఫీ పూర్తిచేశారు. విహారి ఆ నెల జీతం మొత్తం ఇచ్చి వాకిలి దాకా వచ్చి పంపాడు.

మెట్ల కిందికి తిరిగొచ్చిన లక్ష్మయ్యకు ఖాళీ దొరకలేదు. మేధ ఆఫీసువాళ్ళు వచ్చారు, వాళ్ళ స్నేహితులు వచ్చారు. జూబ్లీహిల్స్ నుంచి పెద్ద పెద్ద కార్లు వచ్చి ఆ సందులో ఇరుక్కుని హారన్లు కొట్టుకునేవి. వచ్చినవాళ్ళందరికీ ఆయన ముందుగా బూటు అసలు ఖరీదు చెప్పి, తర్వాత కుట్టేవాడు. విచిత్రంగా ఒక్కరూ బాధపడలేదు. కొందరు ఆ ఖరీదు వినడానికే స్నేహితులను వెంటబెట్టుకొచ్చారు.

దసరా వెళ్ళాక కొమురమ్మకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. బంజారాహిల్స్ డాక్టరు చూసి, రోజూ నడవాలని, మెత్తటి అడుగున్న మంచి స్పోర్ట్స్ షూ వేసుకునే నడవాలని రాశాడు. లక్ష్మయ్య ఆ కాగితాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు తానే తోలు కోసి, స్పాంజి మడిచి ఒక జత కుట్టాడు. కొమురమ్మ తొడుక్కుని హాలంతా నడిచి, "మంచిగనే ఉన్నది. నొప్పి గూడ మంచిగనే ఉన్నది" అంది.

గత్యంతరం లేక ఆమెను విహారి షాపుకు తీసుకెళ్ళాడు. విహారి సంబరపడి కుర్చీ వేసి, లోపల్నుంచి ఒక జత తెచ్చాడు. దీపం కింద పెట్టే రకం కాదు. బూడిదరంగుది, చూపుకు ఆనదు. పదకొండు వేలు.

లక్ష్మయ్య తొడుగులు అడక్కుండానే చేతిలోకి తీసుకున్నాడు. వంచాడు. వాసన చూశాడు. కుట్టు వెంట గోరు నడిపించాడు. అతుకుల దగ్గర జిగురు కోసం వెతికాడు. తర్వాత మడమ మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. వేలు కిందికి దిగింది, తీయగానే అడుగు మెల్లగా, ఒక లయగా పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది. పదిసార్లు నొక్కాడు. తాను మడిచిన స్పాంజి మూడోసారికే పడుకుండిపోయింది.

"ఏంది? ఎంత చేస్తది?" అంది కొమురమ్మ.

లక్ష్మయ్య పదకొండోసారి నొక్కాడు. "పనితనం ఉన్నది" అన్నాడు చివరికి. ఆ పైన, గొంతు తగ్గించి, "గిది నా చేత కాదు" అన్నాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట కొమురమ్మ వినడం అదే మొదలు. విహారి వినలేదన్నట్టు డబ్బా మూత సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఆమె బూట్లు తొడుక్కుంది. తివాచీ మీద నాలుగడుగులు వేసింది. ఇంకో నాలుగు వేసింది. అద్దాల తలుపు తోసుకుని బయటికెళ్ళింది. చూసి వస్తుందిలే అనుకున్నారు ఇద్దరూ. రాలేదు. లక్ష్మయ్య బయటికొచ్చి చూస్తే, కొమురమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, జూబ్లీహిల్స్ ఎగువ రోడ్డులో ఆగకుండా ఎక్కుతోంది. ఆమె పాత చెప్పులు రెండూ చేత పట్టుకుని, "ఓ కొమురమ్మా, పైసలియ్యలే! జర ఆగు!" అని అరుస్తూ ఆయన ఆమె వెనక పరుగెత్తాడు. ఆమె చెయ్యి ఊపిందే గాని ఆగలేదు.